చాచిన చేయి

బంతి గాల్లోకి లేచింది. నేరుగా మన వైపే వస్తోంది. చేతులు కట్టుకుని కూర్చుంటామా? లేస్తాం. చేయి చాస్తాం. ఆటంటే ప్రాణమిచ్చే ఎవరైనా చేసే పనే అది. షికాగోలో ఓ యువ అభిమానీ సరిగ్గా అదే చేశాడు. అందుకు ఆయన పద్నాలుగేళ్లు మూల్యం చెల్లించాడు!

* * *

2003, అక్టోబరు 14. షికాగోలోని రిగ్లీ ఫీల్డ్ బేస్‌బాల్ మైదానం. రాత్రివేళ. చలి మొదలైంది. అయినా దాదాపు నలభై వేలమంది స్టేడియంలో కిక్కిరిసి ఉన్నారు. టికెట్ దొరకనివాళ్లు బయట వేవ్‌లాండ్, షెఫీల్డ్ వీధుల్లో నిలబడ్డారు. లోపల ఏం జరుగుతోందో వాళ్లకు కనిపించదు. అరుపులు వినిపిస్తే చాలు... అదే పదివేలు!

సొంత జట్టు షికాగో కబ్స్ 3-0 ఆధిక్యంలో ఉంది. ప్రత్యర్థి ఫ్లోరిడా మార్లిన్స్. ఎనిమిదో ఇన్నింగ్స్ నడుస్తోంది. ఒకరు ఔటయ్యారు. ఇంకో అయిదుగురిని ఔట్ చేస్తే చాలు, కబ్స్ వరల్డ్ సిరీస్‌లో అడుగుపెడుతుంది.

మార్లిన్స్ ఆటగాడు లూయిస్ కాస్టియో కొట్టిన బంతి గింగిరాలు తిరుగుతూ ఎడమవైపు గీత దాటి, ప్రేక్షకుల వరస అంచు మీదికి వచ్చింది. కబ్స్ ఫీల్డర్ మోయిసెస్ అలూ పరుగెత్తుకొచ్చి గోడ పక్కనే పైకెగిరాడు. అదే క్షణంలో, అదే బంతి కోసం ముందు వరసలోని అభిమానుల చేతులూ లేచాయి. వాటిలో ఒక చేతికి బంతి తగిలింది. దారి తప్పి జనంలో పడింది.

క్యాచ్ పోయింది. అలూ కోపంతో గ్లవ్‌ను విసిరికొట్టాడు. కెమెరాలన్నీ ఆ చేయి ఎవరిదా అని వెతికాయి. కబ్స్ టోపీ, చెవులకు రేడియో హెడ్‌ఫోన్లు, కళ్లజోడు... ఇరవై ఆరేళ్ల యువకుడు. చిన్నప్పట్నుంచీ కబ్స్ అభిమాని. పిల్లలకు బేస్‌బాల్ నేర్పించేవాడు. తన జట్టు గెలుపును కళ్లారా చూద్దామని వచ్చినవాడు.

తాతల కాలం నాటి ఆకలి

ఒక్క క్యాచ్ పోతే ఇంత గొడవేమిటి అనిపిస్తుంది. అది తెలియాలంటే కబ్స్ అభిమానుల ఆకలి గురించి తెలియాలి.

ఆ జట్టు చివరిసారి వరల్డ్ సిరీస్ గెలిచింది 1908లో. అంటే అప్పటికి తొంభై అయిదేళ్లు! గెలవడం మాట దేవుడెరుగు, వరల్డ్ సిరీస్ దాకా వెళ్లి కూడా యాభై ఎనిమిదేళ్లయింది. ఆ చివరిసారి 1945. అప్పుడే బిల్లీ సియానిస్ అనే సారాదుకాణం యజమాని తన మేకను వెంటబెట్టుకుని మ్యాచ్‌కి వెళ్లాడట. కంపు కొడుతోందంటూ మేకను బయటికి పంపేశారట. ఆయనకు ఒళ్లు మండి ‘ఇక మీరు గెలవరు’ అని శాపం పెట్టాడట. ఈ కథను ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతారు. కానీ ఓడిపోయిన ప్రతిసారీ షికాగోవాసులకు ముందుగా గుర్తొచ్చేది ఆ మేకే.

1969లో పట్టికలో పైనున్న జట్టు చివర్లో కుప్పకూలింది. 1984లో మొదటి రెండు మ్యాచ్‌లూ గెలిచి, మిగిలిన మూడూ ఓడి ఇంటిముఖం పట్టింది. ఇలా గుండె పగిలిన కథలు ఆ ఊళ్లో ప్రతి ఇంటికీ ఉన్నాయి. తాత నుంచి తండ్రికి, తండ్రి నుంచి బిడ్డకు ఆస్తిపాస్తుల కన్నా ముందు సంక్రమించేది కబ్స్ టోపీయే. దాంతోపాటు ‘వచ్చే ఏడాది చూద్దాంలే’ అన్న నిట్టూర్పు కూడా!

2003లో మాత్రం వాతావరణం మారినట్టే కనిపించింది. అమెరికాలో పెద్ద లీగ్ జట్లు 30. ఒక్కో జట్టు సీజన్లో 162 మ్యాచ్‌లు ఆడుతుంది. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా దాదాపు రోజూ ఆటే. అంత సుదీర్ఘ ప్రయాణం తర్వాత ఆ రోజుల్లో ఎనిమిది జట్లకే ప్లేఆఫ్స్‌లో చోటు. అక్కణ్నుంచి ప్రతి మ్యాచూ చావో రేవో. ఆ ఏడాది తొలి అంచెలో కబ్స్ అట్లాంటా బ్రేవ్స్‌ను ఓడించింది. ప్లేఆఫ్స్‌లో ఒక సిరీస్ గెలవడం 1908 తర్వాత అదే మొదటిసారి!

తర్వాతి అంచె మార్లిన్స్‌తో ఏడు మ్యాచ్‌ల పోరు. నాలుగు గెలిచినవాళ్లకే వరల్డ్ సిరీస్. అయిదు మ్యాచ్‌లు ముగిసేసరికి కబ్స్ మూడు గెలిచింది. ఇంకొక్కటి చాలు. మిగిలిన రెండూ సొంతగడ్డ మీదే. ఆరో మ్యాచ్‌లో బంతి విసిరేది ఇరవై మూడేళ్ల మార్క్ ప్రయర్. ఆ ఏడాది 18 విజయాలు సాధించిన కుర్రాడు. ఇంకేం కావాలి?

ఊరు ఊరంతా అక్కడే

రిగ్లీ ఫీల్డ్‌లో ప్లేఆఫ్ మ్యాచ్ అంటే జాతరే. 1914లో కట్టిన మైదానం అది. చుట్టూ విశాలమైన పార్కింగ్ స్థలాలూ, రహదారులూ ఉండవు. ఇళ్ల మధ్యలో, వీధి మలుపులో ఉంటుంది. రెడ్‌లైన్ రైలు ఎక్కి ఆడిసన్ స్టేషన్లో దిగితే నాలుగడుగుల్లో గేటు. రైలు నిండా నీలిరంగు టోపీలే. ముక్కూమొహం తెలియనివాళ్లు కూడా ‘ఈసారి కొడతామంటావా’ అని పలకరించుకుంటారు. ఎదురుగా ఉన్న మేడల మీద మెట్లమెట్లుగా బెంచీలు వేసి మరీ ఆట చూస్తారు.

లోపల ఇటుక గోడల నిండా అల్లుకున్న తీగలు. 1937లో నాటినవి. బంతి వాటిలో ఇరుక్కుపోతే దానికీ ఓ నిబంధన ఉంది! స్కోరుబోర్డు మీద అంకెలను ఇప్పటికీ మనుషులే చేత్తో మారుస్తారు. ఫ్లడ్‌లైట్లు వచ్చింది 1988లో. అప్పటిదాకా సొంత మైదానంలో మ్యాచ్‌లన్నీ పగలే. గెలిచిన రోజు స్కోరుబోర్డు పైన తెల్లజెండా ఎగురుతుంది. మ్యాచ్ చూడలేనివాళ్లు ఇంటికెళ్తూ రైల్లోంచి ఆ జెండా చూసి ఫలితం తెలుసుకుంటారు.

ఇక అభిమానుల తీరు... మన క్రికెట్ పిచ్చి తెలిసినవాళ్లకు కొత్తగా ఏమీ అనిపించదు. సచిన్ ఆడుతున్నంతసేపూ కూర్చున్న చోటు నుంచి కదలనివాళ్లు, ఎవరినీ కదలనివ్వనివాళ్లు మన ఇళ్లల్లో ఉండేవారు కాదూ! అక్కడా అంతే. గెలిచిన రోజు వేసుకున్న చొక్కానే ఉతక్కుండా మళ్లీ వేసుకుంటారు. గెలుపు గురించి ముందుగా నోరు జారితే దిష్టి తగులుతుందని భయపడతారు. ఏడో ఇన్నింగ్స్ మధ్యలో అందరూ లేచి నిలబడి ఒక పాట పాడటం అక్కడి ఆచారం. ఆ రాత్రి పాట ఎత్తుకున్నది షికాగోకే చెందిన హాస్యనటుడు బెర్నీ మ్యాక్. జట్టు పేరు రావాల్సిన చోట ‘ఛాంపియన్లు’ అనేశాడు. ఆట ముగియకుండానే ఆ మాట అన్నందుకు చాలామందికి గుండె గుభేల్‌మంది!

బంతి ఎవరిది?

క్రికెట్‌లో బంతి జనంలో పడితే తిరిగి మైదానంలోకి విసిరేయాలి. బేస్‌బాల్‌లో అలా కాదు. జనంలో పడిన బంతి పట్టుకున్నవాడిదే. ఇంటికి తీసుకెళ్లి అద్దాల బీరువాలో దాచుకోవచ్చు. అందుకే పిల్లలూ, పెద్దలూ గ్లవ్స్ తొడుక్కుని మరీ వస్తారు. పిచ్ అంచున సీటు దొరికిందంటే, జీవితంలో ఒక్క బంతైనా చేతికి చిక్కకపోతుందా అన్న ఆశే. గాల్లోంచి వచ్చే బంతిని అందుకోవడం అక్కడ తప్పు కాదు. అందుకోకపోతేనే పక్కవాళ్లు నవ్వుతారు.

నిబంధన కూడా స్పష్టంగానే ఉంది. ప్రేక్షకుడు మైదానంలోకి వంగి బంతిని అడ్డుకుంటే అది జోక్యం. అంపైర్ బ్యాటర్‌ను ఔట్‌గా ప్రకటించొచ్చు. కానీ బంతి గోడ దాటి ప్రేక్షకుల వైపు వచ్చేసిందంటే దాని మీద వాళ్లకూ హక్కుంటుంది. ఆటగాడు అటువైపు చేయి పెడితే ఫలితం అతడి అదృష్టం. ఆ రాత్రి అంపైర్ మైక్ ఎవరిట్ అలాగే తేల్చారు. బంతి గోడ దాటింది, జోక్యం లేదు అని.

పైగా ఆ బంతి కోసం లేచింది ఒక్కడే కాదు. రీప్లే చూస్తే పక్కనున్నవాళ్ల చేతులూ కనిపిస్తాయి. తలెత్తి బంతినే చూస్తున్నవాడికి కింద నుంచి ఎగురుతున్న అలూ ఎలా కనిపిస్తాడు? అంగుళం అటో ఇటో అయితే తగిలేది పక్కవాడి చేతికి. అప్పుడు ఈ కథలో మనిషి మారేవాడు. కథ మాత్రం బహుశా మారేది కాదు.

ఆ తర్వాత ఏం జరిగింది?

క్యాచ్ పోయినా కబ్స్‌కు నష్టమేమీ జరగలేదు. స్కోరు అప్పటికీ 3-0. కాస్టియో ఇంకా ఔట్ కావచ్చు. ఆ తర్వాత జరిగినవన్నీ గీత లోపలే జరిగాయి.

ప్రయర్ బంతులు గురి తప్పాయి. కాస్టియో నడుచుకుంటూ మొదటి బేస్‌కు చేరాడు. ఇవాన్ రోడ్రిగెజ్ కొట్టిన దెబ్బకు ఒక పరుగు వచ్చింది. 3-1. తర్వాత వచ్చిన ఇరవై ఏళ్ల మిగెల్ కబ్రేరా బంతిని నేల మీదుగా నేరుగా షార్ట్‌స్టాప్ అలెక్స్ గొంజాలెజ్ చేతుల్లోకే కొట్టాడు. నమ్మకంగా బంతి పట్టేవాడని పేరున్న ఆటగాడు. ఆ బంతిని సరిగ్గా అందుకుని ఉంటే ఒకే దెబ్బకు ఇద్దరు ఔటై ఇన్నింగ్స్ అక్కడితో ముగిసేదేమో. బంతి గ్లవ్‌లోంచి జారిపోయింది!

ఇక ఆగలేదు. డెరెక్ లీ కొట్టిన డబుల్‌తో స్కోరు 3-3. పిచర్‌ను మార్చారు. ఫలితం మారలేదు. జెఫ్ కొనైన్ బంతిని దూరంగా లేపి మరో పరుగు తెచ్చాడు. మైక్ మోర్డెకై ఒక్క దెబ్బతో మూడు పరుగులు రాబట్టాడు. హువాన్ పియెర్ ఇంకొకటి. ఒక్క ఇన్నింగ్స్‌లో ఎనిమిది పరుగులు. 8-3తో మార్లిన్స్ గెలుపు.

లెక్క వేస్తే పిచర్ తడబాటు ఉంది. షార్ట్‌స్టాప్ తప్పిదం ఉంది. ప్రత్యర్థుల ప్రతిభ ఉంది. కానీ నలభై వేలమందికి కావాల్సింది లెక్క కాదు... ఒక మొహం!

అప్పట్లో రిగ్లీ ఫీల్డ్‌లో రీప్లే చూపించే పెద్ద తెర లేదు. అసలేం జరిగిందో లోపలున్న చాలామందికి మొదట తెలియనే తెలియదు. టీవీలో మాత్రం అదే దృశ్యం మళ్లీ మళ్లీ వేస్తున్నారు. ఇంట్లో చూస్తున్నవాళ్లు స్టేడియంలోని స్నేహితులకు ఫోన్లు చేశారు. కొందరి దగ్గర జేబు టీవీలున్నాయి. గుసగుసగా మొదలైన మాట బూతు నినాదంగా మారింది. వేలమంది ఏకకంఠంతో ఒక్క మనిషి వైపు వేలు చూపించారు. బీరు గ్లాసులు విసిరారు. చెత్త విసిరారు. ఆ యువకుడు మాత్రం రేడియో చెవికి పెట్టుకుని, మైదానం వైపే చూస్తూ బిగుసుకుపోయి కూర్చున్నాడు. కదిలితే ఏమవుతుందో!

చివరికి భద్రతా సిబ్బంది వచ్చి జాకెట్‌తో మొహం కప్పి ఆయనను బయటకు తీసుకెళ్లారు. వేషం మార్చి మైదానం దాటించారు. ఆ రాత్రి కాసేపు సిబ్బందిలోని ఒకామె తన ఇంట్లోనే ఆశ్రయమిచ్చింది. నలభై వేలమంది అరుస్తున్న చోట ఒక మనిషికి తలుపు తీసిన ఆమె గురించి ఎవరూ నినాదాలు చేయలేదు.

అదే పని... అక్కడ హీరో!

దీనికి ఏడేళ్ల ముందు ఇలాంటిదే ఇంకో సంఘటన జరిగింది. 1996, అక్టోబరు 9. న్యూయార్క్‌లోని యాంకీ స్టేడియం. అదీ ప్లేఆఫ్ మ్యాచే. అదీ ఎనిమిదో ఇన్నింగ్సే!

బాల్టిమోర్ ఓరియోల్స్ 4-3తో ముందుంది. యాంకీస్ కుర్రాడు డెరెక్ జీటర్ బంతిని కుడివైపు గోడ దాకా లేపాడు. ఫీల్డర్ టోనీ టారాస్కో గోడకు ఆనుకుని పట్టేందుకు సిద్ధంగా ఉన్నాడు. అంతలో పైనుంచి పన్నెండేళ్ల కుర్రాడు గ్లవ్ తొడిగిన చేయి చాచి బంతిని జనంలోకి లాగేశాడు. అంపైర్ దాన్ని హోమ్ రన్‌గా ప్రకటించారు. స్కోరు సమమైంది. పదకొండో ఇన్నింగ్స్‌లో యాంకీస్ గెలిచింది. ఆ ఏడాది వరల్డ్ సిరీస్ కూడా వాళ్లదే.

నిబంధన ప్రకారం అది జోక్యమే. రీప్లే చూశాక అంపైర్ కూడా పొరపాటు ఒప్పుకొన్నారు. కానీ ఆ పిల్లాడిని ఎవరూ తిట్టలేదు. సరికదా, భుజాలకెత్తుకున్నారు. టీవీ కార్యక్రమాలకు పిలిచారు. న్యూయార్క్‌లో అతనో బుల్లి హీరో. బాల్టిమోర్‌లో మాత్రం దొంగ!

చూశారా తమాషా! నిబంధన అతిక్రమించినవాడు హీరో అయ్యాడు. అతిక్రమించనివాడు విలన్ అయ్యాడు. ఇద్దరూ చేసింది ఒకటే పని... చేయి చాచడం. ఒక జట్టు గెలిచింది, ఒక జట్టు ఓడింది. తేడా అంతే.

మనం మాత్రం తక్కువ తిన్నామా?

‘అమెరికా వాళ్లకు ఇంత పిచ్చేమిటి’ అనుకునేముందు ఒక్కసారి కోల్‌కతా గుర్తు చేసుకోవాలి. 1996, మార్చి 13. ఈడెన్ గార్డెన్స్‌లో శ్రీలంకతో ప్రపంచకప్ సెమీఫైనల్. లక్ష్యం 252. సచిన్ క్రీజులో ఉన్నంతసేపూ మైదానమంతా పండగే. 98 పరుగుల దగ్గర ఆయన ఔటయ్యాక వికెట్లు టపటపా రాలాయి. 120కి ఎనిమిది. స్టాండ్స్ నుంచి సీసాలు వచ్చి పడ్డాయి. మంటలు లేచాయి. ఆట ఆగిపోయింది. మ్యాచ్‌ను శ్రీలంకకు ఇచ్చేశారు. వినోద్ కాంబ్లీ ఏడ్చుకుంటూ మైదానం వీడిన దృశ్యం ఇప్పటికీ చాలామంది కళ్లముందే ఉంది.

2007 ప్రపంచకప్‌లో మన జట్టు తొలిదశలోనే వెనుదిరిగితే రాంచీలో ధోనీ కట్టుకుంటున్న ఇంటి మీద దాడి చేశారు. నాలుగేళ్ల తర్వాత అదే ధోనీ కప్పు తెస్తే పాలాభిషేకాలు చేశారు!

అభిమానం వడ్డీకి ఇచ్చిన అప్పులాంటిదనుకుంటారు చాలామంది. ఇన్నాళ్లు చూశాం, ఇన్ని రాత్రులు నిద్రమానుకున్నాం, ఇంత ఖర్చుపెట్టాం... కాబట్టి గెలుపు మాకు బాకీ. ఆ బాకీ వసూలు కాకపోతే ఎవరో ఒకరి గల్లా పట్టుకోవాలి. ఆటగాళ్లు బస్సెక్కి వెళ్లిపోతారు. శాపం పెట్టినవాడు ఎప్పుడో పోయాడు. చేతికి అందేది పక్క వరసలో కూర్చున్నవాడే!

నోరు విప్పని మనిషి

మర్నాటికల్లా ఆ యువకుడి పేరు, వివరాలు అన్నీ బయటికొచ్చేశాయి. ఇంటి ముందు పోలీసు కార్లు నిలిచాయి. ఇల్లినాయిస్ గవర్నరు ‘అతనికి క్షమాభిక్ష పెట్టను’ అన్న అర్థంలో వ్యాఖ్యానించారు. ఫ్లోరిడా గవర్నరు ‘మా దగ్గరికి వచ్చేయ్’ అన్నారు. ఇద్దరివీ జోకులే. కానీ గుమ్మం దాటలేని మనిషికి అవి జోకుల్లా వినిపిస్తాయా?

ఆయన ఒక ప్రకటన విడుదల చేశాడు. కళ్లన్నీ బంతి మీదే ఉండటంతో అలూను చూడలేదని, చూసి ఉంటే తప్పకుండా పక్కకు తప్పుకునేవాడినని చెప్పాడు. కబ్స్ అభిమానిగా తన గుండె కూడా పగిలిందన్నాడు. అందరికీ క్షమాపణ చెప్పాడు. కబ్స్ యాజమాన్యం కూడా ‘ఫలితాలు తేలేది మైదానంలోనే, ప్రేక్షకుల వరసల్లో కాదు’ అని ఆయన వైపు నిలబడింది. వినేవాళ్లేరీ! అదే రోజు జరిగిన ఏడో మ్యాచ్‌లోనూ కబ్స్ 9-6 తేడాతో ఓడిపోయింది. అప్పుడు ఏ అభిమానీ చేయి చాచలేదు. అయినా నింద ఆయన మీదే ఉండిపోయింది. మార్లిన్స్ వెళ్లి వరల్డ్ సిరీస్‌లో యాంకీస్‌నే ఓడించి కప్పు ఎగరేసుకుపోయింది.

ఫ్లోరిడా అభిమానులు ఆనందంతో ఆయనకు కానుకలు పంపబోయారు. వాటిని పిల్లల మధుమేహంపై పరిశోధనలు చేసే సంస్థకు ఇచ్చేయమన్నాడు. ఇంటర్వ్యూ ఇస్తే డబ్బిస్తామన్నారు. ప్రకటనల్లో నటించమన్నారు. సంతకం చేస్తే చాలన్నారు. దేనికీ ఒప్పుకోలేదు. ఉద్యోగం, ఇల్లు, తన పని... అంతే. ఆ చేయి నుంచి ఒక్క రూపాయి కూడా సంపాదించని మనిషి ఆయనొక్కడేనేమో!

ఎందుకంటే ఆ బంతితో వ్యాపారం బాగానే సాగింది. దాన్ని దక్కించుకున్న వేరే ప్రేక్షకుడు వేలానికి పెడితే 2003 డిసెంబరులో షికాగోలోని ఓ రెస్టారెంట్ సంస్థ 1,13,824 డాలర్లు పెట్టి కొంది. శాపం వదిలిపోవాలంటూ 2004 ఫిబ్రవరిలో జనం ముందు దాన్ని పేల్చేసింది. అంతటితో ఆగిందా? ఆ ముక్కలను ఉడకబెట్టి, ఆ ఆవిరి పట్టిన నీళ్లను కలిపి పాస్తా సాస్ కూడా వడ్డించింది! ఆయన కూర్చున్న సీటు దగ్గర నిలబడి ఫొటోలు దిగడం పర్యటకులకు ఓ సరదా అయిపోయింది. 2011లో దర్శకుడు అలెక్స్ గిబ్నీ ఈ ఉదంతం మీద ‘క్యాచింగ్ హెల్’ అనే డాక్యుమెంటరీ తీశాడు. అందులోనూ ఆయన కనిపించలేదు.

మేక వదిలింది!

2016. కబ్స్ మళ్లీ అదే మెట్టు మీదికి వచ్చింది. అక్టోబరు 22న అదే రిగ్లీ ఫీల్డ్‌లో లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్‌ను ఓడించి, 71 ఏళ్ల తర్వాత వరల్డ్ సిరీస్‌కు చేరింది. ‘ఆయనను పిలిచి మొదటి బంతి వేయిద్దాం’ అన్న కోరిక అభిమానుల్లోంచే వచ్చింది. ఒకప్పుడు తిట్టిన నోళ్లే! ఆయన మాత్రం సున్నితంగా వద్దన్నాడు. ఆ సంబరం ఆటగాళ్లది, తాను అడ్డు రాకూడదని.

వరల్డ్ సిరీస్‌లో క్లీవ్‌లాండ్ ఇండియన్స్ చేతిలో 1-3తో వెనకబడి కూడా కబ్స్ వరసగా మూడు మ్యాచ్‌లు గెలిచింది. నవంబరు 2న ఏడో మ్యాచ్. మధ్యలో వాన. పదో ఇన్నింగ్స్. 8-7. నూట ఎనిమిదేళ్ల నిరీక్షణ ముగిసింది.

ఆ రాత్రి అభిమానం ఇంకో రూపం చూపించింది. ఉత్తర కరోలినాలో ఉండే ఒకాయన వందల మైళ్లు కారు నడుపుకుంటూ ఇండియానాలోని తండ్రి సమాధి దగ్గరికి వెళ్లాడు. కబ్స్ వరల్డ్ సిరీస్‌కు వెళ్తే కలిసి వినాలని ఇద్దరూ ఎప్పుడో అనుకున్నారట. చీకట్లో అక్కడే కుర్చీ వేసుకుని ఏడో మ్యాచ్ అంతా విన్నాడు. రిగ్లీ ఫీల్డ్ ఇటుక గోడల మీద జనం సుద్దముక్కలతో పేర్లు రాశారు. ఈ రోజు చూడకుండానే పోయిన తాతల పేర్లు, నాన్నల పేర్లు, అమ్మల పేర్లు. గోడ నిండిపోతే నేల మీద రాశారు. అందనంత ఎత్తులో ఖాళీ ఉంటే ఒకరి భుజాల మీద ఒకరు ఎక్కి రాశారు. పదమూడేళ్ల క్రితం ఒక్క పేరు పట్టుకుని దుమ్మెత్తి పోసిన వీధి అదే!

ఉంగరం

వరల్డ్ సిరీస్ గెలిచిన జట్టు ఆటగాళ్లకు ఉంగరాలు చేయించడం బేస్‌బాల్‌లో ఆనవాయితీ. వజ్రాలు, కెంపులు, నీలాలు పొదిగిన ఉంగరం. ఎన్నేళ్లు ఆడినా అది దక్కకుండానే రిటైరయ్యే ఆటగాళ్లు ఎందరో.

2017, జులై 31న కబ్స్ యాజమాన్యం ఓ విషయం ప్రకటించింది. ఆ ఉంగరాల్లో ఒకటి ఆ అభిమానికి ఇచ్చారు. దాని మీద ఆయన పేరు చెక్కించారు. చప్పట్లు లేవు, కెమెరాలు లేవు. పిలిచి, చేతిలో పెట్టారు. పద్నాలుగేళ్ల క్రితం బంతి తగిలిన చేతులకే ఆ ఉంగరం అందింది.

ఆయన మళ్లీ ఓ ప్రకటన ఇచ్చాడు. ఇంత గౌరవానికి తాను అర్హుడినని అనుకోవడం లేదని, అయినా మనసు నిండిందని చెప్పాడు. ఈ ఉంగరం ఓ విజయానికి గుర్తు మాత్రమే కాదని, ఒకరితో ఒకరం ఎలా మెలగాలో గుర్తుచేసేదిగా ఉండాలని కోరుకున్నాడు. ఇంకెవరినీ ఇలా బలిపశువును చేయొద్దన్నాడు. ఆ తర్వాత మళ్లీ తన ఇంట్లోకి, తన మౌనంలోకి వెళ్లిపోయాడు.

క్షమించింది ఎవరు? ఊరు ఆయన్ని క్షమించిందని చాలామంది రాశారు. అసలు ఆయన చేసిన తప్పేమిటో మాత్రం ఎవరూ చెప్పలేకపోయారు. లెక్క సరిగ్గా చూస్తే క్షమించాల్సినవాడు ఆయన. క్షమాపణ చెప్పాల్సింది ఊరు. పద్నాలుగేళ్లలో ఆయన ఒక్కరినీ తిట్టలేదు. జట్టు మారలేదు. ప్రాణం పెట్టి అభిమానించడం అంటే గెలిచినరోజు గొంతు చించుకోవడమొక్కటే అయితే, అది నలభై వేలమందికీ వచ్చు. తననే రాళ్లతో కొట్టిన ఊరి జట్టు గెలవాలని ఇంకా కోరుకోవడం ఆయనొక్కడికే చేతనైంది.

ఇన్నేళ్లుగా ఆయన లోకాన్ని కోరింది ఒక్కటే, తన మానాన తనను వదిలేయమని. అందుకే ఈ కథలో ఇంతమంది పేర్లున్నా ఆయన పేరు లేదు. ఈసారి బంతి మన వైపు వచ్చినప్పుడు, పక్క సీట్లో నుంచి లేచే చేయి ఎవరిదైనా కావచ్చు. మనదైనా కావచ్చు.